ఫ్లషింగా, జాక్సన్ హైట్సా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. న్యూయార్కులో ఇల్లు కట్టుకునే అదృష్టం మనలో ఎంతమందికి? కొని చూడవలసిందే. క్వీన్స్‌లో స్థిరపడదలచిన మన కుటుంబాలు తరచు రెండు పేటల మధ్య ఊగిసలాడుతూ వుంటాయి: ఫ్లషింగ్, జాక్సన్ హైట్స్. రెండింటికీ 7వ నంబరు రైలే దారి. ఆసుపత్రి డ్యూటీ లేని ఆదివారాల్లో మేమిద్దరం ఈ పేటల్లో తిరిగి తెలుసుకున్న సంగతులు తోటి సభ్యులకు పనికివస్తాయని రాస్తున్నాము.

ముందుగా ఫ్లషింగ్. రైలు ఆఖరి స్టేషను మెయిన్ స్ట్రీట్‌లో దిగగానే చైనావారి అంగళ్ళు, కూరగాయల గుట్టలు, జనం. పండుగ ముందు కోఠీ గుర్తుకొస్తుంది. కొంత దూరం నడిస్తే బౌన్ వీధిలో మన గణేశాలయం. 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగిన ఈ గుడి పక్కనే ఇల్లుండాలని కోరుకునేవారు మనలో తక్కువేమీ కాదు. ఆ చుట్టుపక్కల కాండోలు, కో-ఆప్‌లు కూడా వున్నా, మనవాళ్ళ చూపంతా విడి ఇళ్ళ మీదనే. వేసవిలో పెరట్లో గోంగూర వేసుకోవచ్చు. రెండు కుటుంబాల ఇల్లయితే ఒక వాటా అద్దెకిచ్చి బాంకు వాయిదాకు కొంత కలుపుకోవచ్చు. ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇళ్ళకు నగరం పన్ను కోసం కట్టే విలువ ఏడాదికి 6 శాతం, అయిదేళ్ళలో 20 శాతం మించి పెరగకూడదన్న నిబంధన కూడా యజమానికి అనుకూలమే.

అయితే ధర పది లక్షల డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఆ అంకె తాకితే కొనేవారు అదనంగా 1 శాతం పన్ను కట్టాలి. అప్పు నమోదు చేయించడానికి ఇంకో 2 శాతం దాకా వేరే. పైకప్పు కారినా, బాయిలర్ ఆగినా బాధ్యత మనదే. పగలు మంచు ఆగిన నాలుగు గంటల్లో ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన డాక్టరుకైనా పార తప్పదు.

బేస్‌మెంట్ అద్దెకివ్వవచ్చని ఎవరైనా ఆశ పెడితే, ఆ ఇంట్లో ఎన్ని కుటుంబాలు వుండటానికి నగరం అనుమతించిందో కాగితం అడిగి చూడండి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకు క్వీన్స్‌లో బేస్‌మెంట్లలో కాపురముంటున్న పలువురు నీళ్ళలో చిక్కుకుని చనిపోయారు. అద్దె డబ్బు కోసం ఒకరి ప్రాణం మీదికి తేకూడదు.

ఇక జాక్సన్ హైట్స్. 74వ వీధిలో మన పప్పులు, చీరలు, నగలు. 7వ నంబరు రైలుతో పాటు ఇ, ఎఫ్, ఎం, ఆర్ రైళ్ళు ఒకేచోట దొరుకుతాయి. ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి దగ్గరే. ఇక్కడి ప్రత్యేకత తోట అపార్టుమెంట్లు. క్వీన్స్‌బరో కార్పొరేషన్ 1910ల నుంచి కట్టిన ఈ భవనాల మధ్య, వీధిలోకి కనబడకుండా, పొడుగాటి తోటలు వుంటాయి. ఆ రోజుల్లో యూదులకు, నల్లవారికి ఇక్కడ ప్రవేశం లేదు. ఈనాడు అదే వీధుల్లో బెంగాలీ, నేపాలీ, స్పానిష్, తెలుగు అన్నీ వినబడతాయి.

ఇక్కడ దొరికేవి ఎక్కువగా కో-ఆప్‌లు. కో-ఆప్ అంటే గోడలు కొనడం కాదు, భవనం సొంతదారైన కంపెనీలో వాటాలు కొనడం. రెండు పడకగదులది ఫ్లషింగ్ ఇంటి ధరలో దాదాపు సగానికి దొరుకుతుంది. అప్పు నమోదు పన్ను లేదు. నెలనెలా కట్టే మెయింటెనెన్సులో భవనం పన్ను, వేడి, నీళ్ళు, పనివారి జీతాలు కలిసివుంటాయి. కంపెనీ తలమీద పాత అప్పెంత వున్నదో మాత్రం లాయరుచేత లెక్కలు చూపించుకోవాలి.

బోర్డు ఇంటర్వ్యూ అచ్చం పెళ్ళిచూపులే. కాకపోతే ఇక్కడ మన జీతం, బాంకు నిలువ, అప్పులు అన్నీ ముందే వాళ్ళ చేతిలో వుంటాయి. ఇంకొక చిక్కు, అద్దెకివ్వడానికి చాలా భవనాల్లో ఆంక్షలున్నాయి. ఫెలోషిప్ ముగిశాక వేరే రాష్ట్రం వెళ్ళవలసివచ్చే డాక్టర్లు ఇది బాగా ఆలోచించుకోవాలి. అమ్మానాన్నలు వచ్చి వుంటే బోర్డు ఏమంటుందోనన్న భయం అక్కరలేదు. దగ్గరి కుటుంబసభ్యులను వుంచుకునే హక్కు రాష్ట్ర చట్టమే ఇస్తున్నది.

ఇన్ని లెక్కలు వేశాక మాకు తోచింది ఒక్కటే. ధరకన్న ముందు, పగలంతా ఆ ఇంట్లో ఎవరుంటారో చూడాలి. మేమిద్దరం ఉదయం ఏడుకు వెళితే చీకటిపడ్డాక వస్తాము. ఇంట్లో వుండేది ఆర్నెల్ల కోసం వచ్చే అమ్మ. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు డాక్టర్లున్న ఇంట్లోనైనా మెట్లు మెట్లే. ఫ్లషింగ్‌లో చూసిన ఇళ్ళలో పడకగదులు, స్నానాలగది పై అంతస్తులోనే. జాక్సన్ హైట్స్‌లో లిఫ్టు వున్నది, దిగితే తోటలో బెంచీ వున్నది, ఆ బెంచీ మీద మాట కలపడానికి మనుషులున్నారు. శనివారం గుడికి రైలెక్కితే సరి. అందుకని మేము జాక్సన్ హైట్స్ వైపే మొగ్గాము.

పెద్దవాళ్ళు గట్టిగా తిరగగలిగి, పిల్లలకు పెరడు కావాలనుకునే కుటుంబాలకు ఫ్లషింగే మేలు కావచ్చు. అక్కడ కొన్నవారు తమ అనుభవం రాసి పంపితే వచ్చే సంచికల్లో చదివి సంతోషిస్తాము.