ముక్క ఎవరికి, పులుసు ఎవరికి?

సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో పోషకాహార లోపమేమిటయ్యా అని మీరు నవ్వవచ్చు. మాది వాడరేవు. పడవలు ఒడ్డుకు చేరి, ఇసుకమీద చేపల వేలం సాగే వేళ ఎవరైనా ఆకలి మాటెత్తితే పిచ్చివాడనుకుంటారు. నిజమే, చేపకు కరువు లేదు. కాని ముక్క ఎవరి కంచంలో పడుతుందన్నది వేరే సంగతి.

మా నాయనమ్మకు డెబ్భై దాటాయి. చిన్ననాటినుంచీ తట్ట నెత్తిన పెట్టుకొని చీరాల వీధుల్లో చేపలమ్మిన మనిషి. ఇప్పుడు పళ్ళు లేవు, కళ్ళకు శుక్లాలు. ముల్లు కనపడదు, కనపడినా ముక్క నమలలేదు. అందుకని పులుసు మాత్రం అన్నంలో కలుపుకొని, ముక్క నా కంచంలోకి జరిపేస్తుంది. "ముసల్దాన్ని, నాకెందుకురా అయ్యా! చదువుకునేవాడివి, నువ్వు తిను" అంటుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయన్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తోందన్నా ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట – వయసు మీదపడింది. నేరాలన్నీ వయసుకి అంటగట్టడం మనకు అలవాటే కదా!

రక్తపరీక్ష చేయిస్తే రక్తహీనత, బి-12 విటమిన్ లోటు రెండూ బయటపడ్డాయి. బి-12 సహజంగా దొరికేది చేప, మాంసం, గుడ్డు, పాలలోనే. పైగా వయసు పైబడ్డాక చాలామందికి కడుపులో ఆమ్లం తగ్గి, తిన్నది కూడా సరిగ్గా ఒంటబట్టదు. ఇక్కడొక చిక్కుంది. రక్తం తక్కువన్నారు గదా అని మందుల షాపులో ఫోలిక్ ఆమ్లం బిళ్ళలు కొని మింగేవాళ్ళున్నారు. ఆ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. గొప్ప మందు, సందేహం లేదు. కాని బి-12 లోటున్నవారికి అదొక్కటే ఇస్తే రక్తం మెరుగైనట్లు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే వుంటాయి. పరీక్ష ముందు, బిళ్ళ తర్వాత. నాయనమ్మకు డాక్టరుగారు బి-12 ఇంజక్షన్లు రాశారు.

ఇక మాంసకృత్తులు. 45 కిలోల ముసలమ్మకు రోజుకు సుమారు 45 గ్రాములుంటే మంచిదంటారు. పావుకిలో బియ్యం వండుకు తింటే వచ్చేది 20 గ్రాములే. మిగతాది పులుసులో తేలదు, ముక్కలో వుంటుంది. అందుకే మా అమ్మ ఇప్పుడు సొరచేప పొరటు చేస్తోంది. ముళ్ళ బెడద లేదు, చిగుళ్ళతో నమలొచ్చు.

డబ్బు మాటా చెప్పాలి. వృద్ధాప్య పింఛను 2024 జూలైనుంచి నెలకు 4,000 రూపాయలైంది. అది ఏమవుతుందో మన హాస్టలు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు – పరీక్ష ఫీజు, బస్సు పాసు, సెల్ రీచార్జి! 1975లో మొదలైన అంగన్‌వాడీలు పసివాళ్ళనూ, గర్భిణులనూ, బాలింతలనూ చూసుకుంటున్నాయి. వాళ్ళకు గుడ్డూ పాలూ అందుతున్నాయి, సంతోషం. అదే ఇంట్లో మూలన కూర్చున్న ముసలమ్మకు రేషన్ బియ్యమే దిక్కు. ఆవిడకూ రోజుకో గుడ్డు ఎందుకివ్వకూడదో నాకు బోధపడదు.

ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. ఆ రోజులకు ఎండు నెత్తళ్ళున్నాయి. ఉప్పు ఎక్కువ గనక, రక్తపోటున్నవారికి వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు కడిగి, పప్పులో మెత్తగా ఉడికించి పెట్టాలి. సన్నటి ముళ్ళతో సహా మెదిపితే కాల్షియం కూడా అందుతుంది. మా ఇంట్లో నెత్తళ్ళ డబ్బా అటకమీదనుంచి నాయనమ్మ మంచం కిందికి మారింది. తాళం ఆవిడ దగ్గరే వుంది.