లాప్‌టాప్ తప్పేం లేదు

మూడో సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం నా విండోస్ లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు ఎక్కించాను. విండో పట్టుకుని లాగితే ఆగి ఆగి జరిగేది. టైప్ చేసిన అక్షరం కాసేపటికి గానీ కనిపించేది కాదు. ల్యాబ్ రికార్డు వెనకబడింది. ఇక లాభం లేదని ఇంటికి ఫోన్ చేసి, "కొత్త లాప్‌టాప్ కావాలి నాన్నా" అన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. "పంట డబ్బులు రానీరా, చూద్దాం" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక సీనియర్ అన్న గదికి వెళ్లాను. టెర్మినల్‌లో జీఎల్ఎక్స్‌ఇన్ఫో కమాండ్ కొట్టమన్నాడు. రెండరర్ అన్నచోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని వచ్చింది. "అంటే స్క్రీన్ మీద బొమ్మంతా సీపీయూనే గీస్తోందిరా. గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది" అన్నాడు.

ఉబుంటుని పూర్తిగా షట్‌డౌన్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాం. వీడియో మెమరీ 16 ఎంబీనే ఉంది, 128కి పెంచాం. కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ పెట్టి, 3డీ యాక్సిలరేషన్‌కి టిక్ కొట్టాం. తర్వాత లోపల గెస్ట్ అడిషన్స్ ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాం. ఈసారి రెండరర్ దగ్గర ఎస్‌వీజీఏ3డీ అని కనిపించింది. విండో చేతివెంటే జరిగింది. పెద్ద గేములు ఆడేంత కాదుగానీ ల్యాబ్‌కి చాలు.

పొద్దున్నే ఫోన్ చేశాను. "లాప్‌టాప్ వద్దు నాన్నా, ఇదే బాగుంది."

"బాగు చేయించావా? ఎంతయింది?"

"ఏమీ కాలేదు" అన్నాను. ఒక్క టిక్ పెట్టడం తెలియక అడిగానని మాత్రం చెప్పలేకపోయాను.

మీరూ ఇంటికి ఫోన్ చేసేముందు ఆ రెండరర్ లైను ఒక్కసారి చూడండి.