నాలుగు గళ్లలో మా బోరు

మా నాయనను నేను జీవితంలో ఒకేఒక్కసారి ఎదిరించి మాట్లాడాను. 2007లో, వేంపల్లె దగ్గర మా చేలో, బోరు గుంత పక్కన. అప్పటికి ఆయన మూడు బోర్లు వేయించాడు. మొదటిది 180 అడుగులు, రెండోది 320, మూడోది 450. మూడోదాంట్లో నీళ్లకు బదులు దుమ్ము లేచింది. బోరుబండి వాళ్లు డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు. తెల్లటి దుమ్ము పట్టిన చీనీ చెట్ల మధ్య నిలబడి, నాలుగోదానికి అప్పు ఎవరిస్తారా అని ఆలోచిస్తున్నాడు నాయన. నేను కడపలో డిగ్రీ ఎకనామిక్స్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాను. "చదువు రానోళ్లు గూడా ఇంత తెలివితక్కువ పని చెయ్యరు నాయనా" అనేశాను. ఆయన నన్నేమీ అనలేదు. గట్టు అవతలికి చూశాడు. అక్కడ చిన్నాయన బోరు రెండించుల నీళ్లు పోస్తోంది.

అదే ఏడాది మాకు పరిమిత స్వామ్యం పాఠం మొదలైంది. ఇంగ్లిషులో ఆలిగోపొలీ అంటే అందరికీ తెలుస్తుంది. మార్కెట్లో ఇద్దరు ముగ్గురే అమ్మకందారులుంటే, ఒకరి లాభం పక్కవాళ్లు ఏం చేస్తారన్న దానిమీద ఆధారపడుతుంది. ఆ పాఠం చివర క్రీడా సిద్ధాంతం అని చిన్న భాగం ఉండేది. పరీక్షల్లో రాదని సీనియర్లు దాన్ని వదిలేయమన్నారు. మా సారు వదల్లేదు. కర్నూలు నుంచి వచ్చిన మనిషి కావడంతో ఆయన ప్రతిదానికీ కె.సి. కాలువనే ఉదాహరణ చెప్పేవారు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కడప దాకా మూడొందల కిలోమీటర్లు నడుస్తుంది. "తలకాడ ఉన్నోడు వరి వేసుకుంటాడు, తోకకాడ ఉన్నోడు ఆకాశం చూస్తాడు. ఇద్దరూ మంచోళ్లే. మరి తప్పెవరిది?" అని అడిగేవారు. మేం కడప వాళ్లం కదా, "కర్నూలోళ్లది సార్" అని ముక్తకంఠంతో అనేవాళ్లం.

తర్వాత బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ఖైదీల సందిగ్ధం చెప్పారు. ఇద్దరు దొంగల్ని వేర్వేరు గదుల్లో పెడతారు. ఇద్దరూ నోరు మెదపకపోతే ఇద్దరికీ కొద్ది శిక్షే. కానీ రెండోవాడు ఏం చేసినా సరే, తాను నేరం ఒప్పేసుకుని వాడి పేరు చెప్పడమే ఒక్కొక్కడికీ లాభం. అందుకే ఇద్దరూ చెప్పేస్తారు, ఇద్దరూ ఎక్కువ కాలం జైల్లో ఉంటారు. 1950లో అమెరికాలో ర్యాండ్ సంస్థ గణితజ్ఞులు ఈ లెక్క వేశారు. దానికి ఖైదీల కథ తొడిగినవాడు ఆల్బర్ట్ టక్కర్. ఆయన శిష్యుడే జాన్ నాష్. ఎవరికి వారు తమ నిర్ణయం మార్చుకుంటే లాభం లేని స్థితిని నాష్ సమతౌల్యం అంటారు. ప్రిన్స్‌టన్‌లో ఆ నాష్ రాసిన 28 పేజీల థీసిస్సే ఆయనకు 1994లో నోబెల్ తెచ్చిపెట్టింది. మా సీనియర్లకు చూపిస్తే ఇది థీసిస్సా అనుండేవాళ్లు.

ఆ రాత్రి హాస్టల్లో నోట్సు తిరగరాస్తూ, దొంగల పేర్లు కొట్టేసి నాయన, చిన్నాయన అని రాశాను.

ఇద్దరూ ఉన్న లోతుతో సరిపెట్టుకుంటే ఇద్దరికీ తలా కొన్ని నీళ్లు, అప్పు లేదు. చిన్నాయన లోతుకు పోయి నాయన పోకపోతే, నాయన చెట్లు ఎండిపోతాయి. నాయన పోయి చిన్నాయన పోకపోతే అటూ అంతే. ఇద్దరూ పోతే మొదట వచ్చిన నీళ్లే మళ్లీ వస్తాయి, నెత్తిన అప్పు మాత్రం అదనం. ఇప్పుడు నాయన వైపు నుంచి చూడండి. తమ్ముడు బోరు వేసినా వేయకపోయినా, తాను వేయడమే మేలు. తమ్ముడి వైపు నుంచి చూసినా లెక్క అదే. చీనీ చెట్టు కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. పిల్లల్లా పెంచిన తోటను ఎండబెట్టి "నేను న్యాయంగా ఉన్నాను" అని ఏ రైతు అనుకుంటాడు? మా నాయన లెక్క తప్పలేదు. తప్పింది నేనే.

మా నేల అడుగున ఉన్నది బండ. ఇసుక నేలల్లోలాగా నీళ్లు అంతటా పరుచుకుని ఉండవు, రాతి పగుళ్లలో దాక్కుంటాయి. ఒకే పగులును రెండు బోర్లు తాకితే లోతైనది గెలుస్తుంది. పైనుంచి పడేది ఏడాదికి ఏడొందల మిల్లీమీటర్లు, అదీ పడితే. 2002లో వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలంది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయొద్దంది. మా ఊరికి బోరుబండి రాత్రిపూట వచ్చేది. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అది రైతుకు ఊపిరి పోసిన మాట నిజం, దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆట మాత్రం మారింది. ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి మొరుగుతాయి. అవసరం లేనివాడు కూడా ఆపడు. తను ఆపితే నీళ్లు గట్టు దాటి పోతాయని భయం. సీమ అనగానే సినిమావాళ్లకు కత్తులు, సుమోలు గుర్తొస్తాయి. నాకు బోరుబండి చప్పుడు గుర్తొస్తుంది. అన్నదమ్ములు విడిపోయిన కథలు దాని కింద చాలా ఉన్నాయి. మా ఇద్దరు పెద్దమనుషులు నాలుగేళ్లు మాట్లాడుకోలేదు.

ఖైదీలది వేర్వేరు గది. రైతులది అలా కాదు కదా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లు ఉండిపోయింది. అదే అనుమానంతో జీవితమంతా పనిచేసిన మనిషి ఎలినార్ ఆస్ట్రమ్ అని విలేకరినయ్యాక చదివాను. లాస్ ఏంజెల్స్ దగ్గర పోటీపడి భూగర్భజలం తోడేసిన వాళ్లు, సముద్రపు నీరు లోపలికి చొరబడుతుంటే కూర్చుని మాట్లాడుకుని వాటాలు వేసుకున్న వైనం మీదే ఆమె 1965లో పీహెచ్‌డీ చేసింది. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. ఆ దారిలో మన దగ్గరా పని జరిగింది. కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు కింద రైతులే బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలు తాగేదెంత అని నీటి బడ్జెట్టు వేసుకున్నారు. ఎవరినీ ఏ పంటా వేయొద్దనలేదు. అందరి లెక్కా అందరికీ తెలిసేలా చేశారు, అంతే.

ఇంకో ప్రయోగం నన్ను మరీ ఆకట్టుకుంది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, కొందరు పరిశోధకులు కలిసి మన రాష్ట్రంలోని పల్లెల్లో రైతుల చేత ఆటే ఆడించారు. అయిదుగురు కూర్చుంటారు. నీళ్లు తక్కువ తాగే పంటా, ఎక్కువ తాగి ఎక్కువ డబ్బులిచ్చే పంటా అన్నది ఎవరికి వారు రహస్యంగా ఎంచుకుంటారు. నీళ్లు మాత్రం ఉమ్మడి. మొదట మాట్లాడుకోకుండా, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల రిజిస్టర్లు, వాడకానికి కట్టుబాట్లు మిగతా ఊళ్లకంటే ఎక్కువగా కనిపించాయని 2018లో వాళ్లు ప్రచురించారు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నేనూ పళ్లెంలో ఇరవై చింతపిక్కలు పోసి నాయననూ చిన్నాయననూ కూర్చోబెట్టాను. చెల్లెలి పెళ్లప్పుడే ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆటకు వేరుశనగ ఒక పిక్క తాగి రెండు రూపాయలిస్తుంది, వరి మూడు తాగి అయిదిస్తుంది. ఒక్కో ఆట అయ్యాక వాన రెండు పిక్కలు. చీటీల మీద రాయాలి, మాట్లాడకూడదు. ఇద్దరూ వరే రాశారు. అయిదో ఆటకు పళ్లెంలో ఆరు పిక్కలు కావాలి, నాలుగే ఉన్నాయి.

రెండోసారి మాట్లాడుకోండి అన్నాను. "శనక్కాయే వేద్దాం లేరా" అన్నాడు నాయన. ఎనిమిది ఆటలు శనక్కాయే. పిక్కలు ఇరవైకి ఇరవై. నాకు గర్వంగా కూడా అనిపించింది. చిన్నాయన తలెత్తి, "ఇంకెన్ని పాపా?" అన్నాడు. "ఇదే ఆఖరాట" అన్నాను.

చీటీలు విప్పితే నాయనది శనక్కాయ, చిన్నాయనది వరి. పిల్లలంతా ఒకటే నవ్వు. ఆఖరాట ఏదో ముందే తెలిస్తే పొత్తు అక్కడే తెగుతుందని మా సారు బోర్డు మీద రాసిన లైను గుర్తొచ్చింది. చిన్నాయన సిగ్గుపడుతూ పిక్కలు పళ్లెంలో సర్దుతున్నాడు.

నాయన ఆయన్ను ఒక్క మాటా అనలేదు. నావైపు తిరిగి, "ఆఖరాట అని నువ్వెందుకు చెప్తివి పాపా?" అన్నాడు.