గజ్జె గేలం

మా నాయిన చదువుకోలేదు. వేలిముద్ర మనిషి. కానీ మా మాదిగ గూడెంలో గేలానికి గజ్జె కట్టిన మొదటి మనిషి ఆయనే. ఈ ముక్క ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు గనక నేను రాస్తున్నాను.

1974లో నేను ఏడో తరగతి. నాయిన ఒక కామందు దగ్గర పాలేరు. కోడి కూయకముందే పోయి పేడ తియ్యాలి, పొద్దుగూకినాక గొడ్లకి కుడితి పెట్టి రావాలి. ఇంట్లో గోంగూర, లేకపోతే పచ్చిమిరప కారం. చేప తినాలంటే రాత్రే దిక్కు. ఊరి చెరువు పాటకి పోయింది, దిగితే తంతారు. మాకు మిగిలింది మురుగు కాలవ.

వాలుగ, జెల్ల, మార్పు రాత్రిపూట మేతకి తిరుగుతాయి. ఎర గుచ్చి గట్టున కూచుంటే నాయినకి కునుకొచ్చేది. పగలంతా అరక పట్టిన ఒళ్ళు మరి. తెల్లారి చూస్తే ఎరా లేదు, చేపా లేదు. చీకట్లో జీలుగు బెండు మునిగిందీ లేందీ కనపడదు.

"బెండు కంటికి సెప్పుద్దిరా. సెవికి సెప్పేది కావాల" అనేవాడు.

మా తాత ఎడ్లకి పట్టెడలు కుట్టేవాడు. కామందు ఎడ్ల మెళ్ళో గజ్జెల పట్టెడ తాత చేతిదే. దమ్ము చేసేటప్పుడు దాన్నుంచి ఒక ఇత్తడి గజ్జె ఊడి బురదలో పడింది. నాయినకి దొరికితే రొంటిన దోపుకొచ్చాడు.

గట్టున సర్వి మేకు దిగ్గొట్టి, దానికి ఈనంత పల్చగా చీరిన వెదురు బద్ద కట్టాడు. బద్ద కొనకి గజ్జె, గేలం దారం. మొదటి రాత్రి గాలికే మోగి మమ్మల్ని నిద్రపోనీలేదు. రెండోనాడు బద్దని గడ్డిలోకి, గాలి తగలకుండా కిందికి దించాడు. పెద్ద చేప గుంజితే దారం పుటుక్కుమంటోందని బద్దకీ దారానికీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క ముడేశాడు. రబ్బరు సాగుద్ది, దారం తెగదు. మూడో రాత్రి గజ్జె గలగలమంది. నా మోచెయ్యంత వాలుగ! అమ్మ అర్ధరాత్రి పొయ్యి రాజేసింది. గూడెంలో నాలుగిళ్ళకి పులుసు పోయింది.

నేను ఊరుకోలేదు. బళ్ళో గొప్పగా చెప్పాను. విన్నవాళ్ళలో కామందు కొడుకూ ఉన్నాడు.

సాయంత్రానికి నాయిన్ని చావిడి కాడికి పిలిపించారు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, మా ఎద్దు గజ్జె కొట్టేశావంట?"

"దమ్ములో దొరికిందయ్యా."

"దొరికితే ఎవుడికియ్యాలిరా?"

గజ్జె తీసుకున్నారు. ఏడాది జీతంలో బస్తా వడ్లు కోత అన్నారు. మా తాత కర్ర ఊతం మీద వచ్చి, "పట్టెడ కుట్టిన కూలి ఇంకా రాలేదయ్యా" అన్నాడు. ఎవరూ వినపడనట్టే ఉన్నారు.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. నాయిన నన్ను కొడతాడనుకున్నాను. ఒక్కమాట అనలేదు. ఖాళీ పాలపొడి డబ్బా వెతికి, రెండు గులకరాళ్ళేసి మూత బిగించి, బద్దకి కట్టాడు. ఊపి చూశాడు. లొడలొడమంది.

"ఇది గూడా సెప్పు పో బళ్ళో. రాళ్ళు ఎవురియ్యో అడుగుతారేమో సూద్దాం."

మర్నాడు చెప్పాను. కామందు కొడుకు మొహం చూసే చెప్పాను. ఆ ఏడు మా గూడెపోళ్ళు కాలవ పొడుగూతా డబ్బాలు కట్టారు.

1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగిన సంగతి తర్వాతెప్పుడో కాలేజీలో చదివాను. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ తగువు మొదలైందీ మంచినీళ్ళ చెరువు కాడే. రెండుసార్లూ నాకు మా మురుగు కాలవే కళ్ళముందుకొచ్చింది.

నాయిన ఇప్పుడు లేడు. ఆయన్ని దొంగ అన్న ఆ మాట మాత్రం ఊళ్ళో చాలాకాలం బతికింది. దొంగ కాదు. బస్తా వడ్లు పోయినాక కూడా ఆ రాత్రే కూచుని ఇంకోటి తయారుచేసిన మనిషి.