నాయిన పేరు మీద: చేవెళ్ళ ఇంగ్లీషులో షష్ఠి

హైదరాబాదుకు పడమట, బీజాపూర్ రోడ్డు వెంట ఉన్న మొయినాబాద్, చేవెళ్ళ మండలాలలో ఇంగ్లీషు రాత ఇప్పుడు బడికీ కచేరీకీ పరిమితమైనది కాదు. భూమి అమ్మకాలు, బ్యాంకు అప్పులు, కాలేజీ ప్రవేశాలు, విదేశీ చదువులు పెరిగిన కొద్దీ ప్రతి ఇంటా ఎవరో ఒకరు ఒక దరఖాస్తునో, ఒక అంగీకార పత్రాన్నో, ఒక చిన్న సందేశాన్నో ఇంగ్లీషులో రాయవలసి వస్తున్నది. ఇటువంటి రాతలలో తెలుగువాళ్ళ కలం నుంచి తరచుగా వెలువడే పదబంధం "ఆన్ మై ఫాదర్ నేమ్". ప్రామాణికమైన ఇంగ్లీషులో ఇది "ఇన్ మై ఫాదర్'స్ నేమ్" కావాలి. రెండింటికీ నడుమ ఉన్న తేడాలు రెండే: ముందున్న ప్రిపోజిషన్, అంటే నామానికి ముందు నిలిచి మిగిలిన వాక్యంతో దానికి సంబంధం కలిపే మాట, మారింది, ఫాదర్ అనే మాట చివర స్వామ్యాన్ని, అంటే ఒక వస్తువు ఫలానావారిది అనే సంబంధాన్ని, తెలిపే ఎస్ అక్షరం జారిపోయింది. ఈ రెండు పొరపాట్లూ అజాగ్రత్త వల్ల పుట్టినవి కావు. రెండింటికీ తెలుగు వ్యాకరణంలోనే బలమైన కారణాలున్నాయి, వాటిని తెలుసుకోకుండా ఎర్రసిరాతో దిద్దినంత మాత్రాన ఆ అలవాటు పోదు.

ఎస్ జారిపోవడానికి కారణం తెలుగు షష్ఠీ విభక్తి స్వభావంలో ఉంది. వ్యాకరణాలు కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అనే ప్రత్యయాలన్నిటినీ షష్ఠి కిందనే చేర్చాయి. స్వామ్యాన్ని చెప్పే "యొక్క"కూ, చోటును చెప్పే "లో"కూ ఒకే విభక్తిలో స్థానం దక్కడం ఆలోచించదగిన విషయం, ఎందుకంటే ఈ రెండూ నిలబడే పునాది ఒక్కటే. ఊరు, ఇల్లు, చేయి వంటి మాటలు ఊరి, ఇంటి, చేతి అని మారతాయి. ఇలా నామాలకు ఇ, టి, తి అనే వర్ణాలు చేరడాన్ని చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాల కింద చెప్పాడు. "ఇంటి పేరు" అన్నప్పుడు స్వామ్యాన్ని చెప్పే ఆ "ఇంటి" రూపమే "ఇంటికి", "ఇంటి ముందు", "ఇంటి మీద" అన్నప్పుడు నామం వెనుక వచ్చే కి, ముందు, మీద వంటి సంబంధపదానికి ఆధారమవుతుంది. ఇంగ్లీషులో ప్రిపోజిషన్ ఒకటి, స్వామ్యం ఇంకొకటి. తెలుగులో స్వామ్యరూపం లేనిదే సంబంధపదం సాధారణంగా నిలవదు. అయితే నాన్న, నాయిన, అమ్మ, అక్క, చెరువు వంటి అసంఖ్యాకమైన మాటలకు ఏకవచనంలో ఈ మార్పు బయటికి కనబడదు. తమ్ముడు "తమ్ముడి పేరు"లో మారతాడు, "నాయిన పేరు"లో నాయిన మారడు. పక్కపక్కన నిలవడంతోనే స్వామ్యం సిద్ధించే భాషలో పెరిగిన మనిషికి "ఫాదర్ నేమ్" అనే జంటలో లోపమేదీ కనిపించదు.

ఇక "మీద" సంగతి. భూమి ఎవరి పేరు మీద ఉంది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది, లోను ఎవరి పేరు మీద తీశారు అన్నవి ఈ ప్రాంతంలో నిత్యం వినిపించే ప్రశ్నలు. తెలుగులో హక్కు పేరు మీద ఉంటుంది, ఇంగ్లీషులో పేరు లోపల ఉంటుంది. మొయినాబాద్ బజారులో తెలుగుతో సమానంగా వినిపించే దక్కనీ ఉర్దూ కూడా ఈ విషయంలో తెలుగు పక్షమే: "బాప్ కా నామ్" అంటే నాయిన పేరు, దానికి "మీద" అనే అర్థమిచ్చే "పర్" చేరగానే అది "బాప్ కే నామ్ పర్" అవుతుంది. వెనుక సంబంధపదం రాబోతున్నదని తెలిసి ముందున్న "కా" తన రూపాన్ని "కే"గా మార్చుకోవడం, ఇల్లు "ఇంటి" కావడానికి ఎంత దగ్గరి బంధువో వేరే చెప్పనక్కరలేదు. రెండు భాషలూ ఒకే వరుసలో నడుస్తున్న చోట మూడో భాష ఆ వరుసలోకి ఒరగడం సహజం.

వరుస అన్నది ఇక్కడ అసలు కీలకం. దానికి ఈ ప్రాంతపు ఉదాహరణే ఒకటి చూడవచ్చు. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు జీవో ఈ రెండు మండలాలవారికి కంఠతా వచ్చిన పత్రం. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్ జలాశయాలను కాపాడడానికి 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టినది అదే. దాని సారాన్ని తెలుగులో "జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో" అని చెప్పుకుంటారు. ఇంగ్లీషులో పరిధిని చెప్పే "వితిన్" మొట్టమొదట వస్తుంది, ఆ తరువాత కిలోమీటర్లు, ఆ తరువాత నీటిమట్టం, అన్నిటికన్నా చివర "ఆఫ్ ది రిజర్వాయర్స్" అని జలాశయాలు వస్తాయి. ఒక భాషలోని వాక్యఖండం రెండో భాషలో అద్దంలోని ప్రతిబింబంలా తిరగబడుతుంది. మనుషుల విషయంలో మాత్రం ఇంగ్లీషు ఇంత దూరం తిరగదు. "సర్పంచి గారి కొడుకు ఇంటి ముందు" అన్నదాన్ని "ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది సర్పంచ్'స్ సన్'స్ హౌస్" అని రాసినప్పుడు "ముందు" ఒక్కటే ముందుకు జరిగింది, మిగిలిన మూడు మాటలూ తెలుగు వరుసలోనే నిలిచాయి. అందుచేత తెలుగు విద్యార్థికి చుట్టం "ఆఫ్" కాదు, ఎస్. జారిపోతున్నదీ అదే కావడం విచారకరం.

ప్రాణమున్నవారికి ఎస్, ప్రాణం లేనివాటికి "ఆఫ్" అని బళ్ళలో చెప్పే సూత్రం చాలావరకు పనికివస్తుంది గాని పూర్తిగా నిలవదు. ఊళ్ళ పేర్లకు రెండూ చెల్లుతాయి: బీజాపూర్ రోడ్డు పక్కన వందల సంఖ్యలో నిలిచి, రోడ్డు వెడల్పు పేరుతో కొట్టివేతకు గురికాకూడదని ప్రకృతి ప్రేమికులు పోరాడిన ఆ మర్రిచెట్ల గురించి రాసేవారు "అండర్ చేవెళ్ళ'స్ బానియన్స్" అనీ అనవచ్చు, "అండర్ ది బానియన్స్ ఆఫ్ చేవెళ్ళ" అనీ అనవచ్చు. మొదటిది పత్రికా శీర్షికకు తగినది, రెండోదానిలో చెట్ల మీద నిలిచే చూపు ఎక్కువ. కాలాన్ని చెప్పే మాటలకూ ఎస్ చేరుతుంది, వారం తరువాత అనడానికి "ఇన్ ఎ వీక్'స్ టైమ్" అన్నట్టు. వస్తువు పేరు ముందూ, దాని సంబంధి వెనకా వచ్చే ఈ "ఆఫ్" వరుస ఈ నేలకు ఇంగ్లీషుతోనే వచ్చిందనుకోవడం మాత్రం సరికాదు. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న జిల్లాకు పెట్టిన అత్రాఫ్-ఎ-బల్దా అనే పేరులో పరిసరాలు ముందు, నగరం వెనుక ఉన్నాయి, ఆ వరుస పారశీకానిది.

ఈ విషయమంతటిలో అత్యంత సుందరమైన ఘట్టం, స్వామ్యపదం తరువాత రావలసిన నామం రాకుండానే వాక్యం నిండిపోయే చోట ఉంది. "అట్ మై అంకుల్'స్" అంటే మా మామ ఇంట్లో అని అర్థం. ఇల్లు అనే మాట లేదు, ఎస్ ఒక్కటే ఆ ఇంటిని సూచిస్తున్నది. దీన్ని తెలుగు పిల్లలు "అట్ మై అంకుల్" అని రాస్తే, ఇటువంటి నిర్మాణం తెలుగులో లేదు గనుక వారికి పట్టుబడదని కొందరు సర్దిచెబుతారు. ఆ మాట నిజం కాదు. "మామోళ్ళ కాడ ఉన్నడు" అని చేవెళ్ళలో చిన్నపిల్లవాడు కూడా అంటాడు. అక్కడా ఇల్లు అనే మాట లేదు. మామవాళ్ళ అనే షష్ఠీ బహువచనం, దగ్గర అనే అర్థమిచ్చే "కాడ", ఈ రెండే ఆ ఇంటిని చెబుతున్నాయి. "మామ కాడ పైసలున్నయి" అంటే మామ చేతిలో, "మామోళ్ళ కాడ ఉన్నడు" అంటే మామ ఇంట. ఇంగ్లీషు ఎస్ చేసే పనిని ఇక్కడ "ఓళ్ళ" చేస్తున్నది. తరగతి గదిలో అనాగరికమని ఆపివేసే ఆ మాటనే ఉపాధ్యాయులు చేతిలోకి తీసుకుంటే, పుస్తకంలోని సూత్రం చేయలేని బోధ అది క్షణంలో చేయగలదు. ఇంటి నుడికారాన్ని గుమ్మం బయట విడిచి రమ్మనడం వల్ల భాష రెండు వైపులా నష్టపోతున్నది.

"ఆఫ్", ఎస్ రెండూ ఒకేసారి వచ్చే సందర్భం కూడా ఒకటుంది. "ఎ ఫోటో ఆఫ్ మై ఫాదర్" అంటే నాన్న రూపం ఉన్న ఫోటో. "ఎ ఫోటో ఆఫ్ మై ఫాదర్'స్" అంటే నాన్నకు చెందిన ఫోటోలలో ఒకటి, అందులో ఎవరైనా ఉండవచ్చు. "నాన్న ఫోటో" అనే తెలుగు మాట రెండు అర్థాలనూ మోస్తుంది, సందర్భమే తేల్చాలి. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరికతో 11 ప్రదక్షిణలు, అది తీరాక 108 ప్రదక్షిణలు చేసే భక్తులలో వీసా కోసం వచ్చే యువతీయువకులు ఎందరో ఉంటారు; వారి చదువు ఖర్చు "ఫ్రమ్ హర్ ఫాదర్'స్ అకౌంట్" చెల్లిస్తామనో, ఆస్తి "ఇన్ హర్ మదర్'స్ నేమ్" ఉందనో చెప్పే ఉత్తరాలలో ఈ చిన్న అక్షరం ఎవరి డబ్బు, ఎవరి ఆస్తి అన్నది తేటపరుస్తుంది.

దస్తావేజులలో అది ఇంకా బరువైనది. "అన్న పేరు మీద", "అన్నల పేరు మీద" అనేవి తెలుగులో చెవికే వేరుగా వినబడతాయి, బహువచనపు "ల" ఎన్నడూ దాగదు గనుక. ఇంగ్లీషులో "బ్రదర్'స్", "బ్రదర్స్'" అనే రెండు రూపాలూ ఒకేలా పలుకుతాయి. యజమాని ఒకడా, పలువురా అన్నది తేల్చేది ఎస్‌కు ముందో వెనుకో నిలిచే అపోస్ట్రఫీ, అంటే పైన పెట్టే ఆ చిన్న కొమ్ము ఒక్కటే. టైపు యంత్రంలో అది తేలికగా తప్పిపోతుంది. ఉమ్మడి భూమి రాతలో "ఇన్ ది నేమ్స్ ఆఫ్ ది బ్రదర్స్" అని కాస్త పొడుగ్గా రాసి, ఆ అన్నదమ్ముల పేర్లను ఒక్కొక్కటిగా వెంటనే చేర్చడం మంచిది. అలా రాసినప్పుడు ఎవరి వాటా ఎవరిదో తేల్చే భారం అపోస్ట్రఫీ మీద పడదు.