ఒరెగాన్ తీరంలో చిన్న ఊళ్లు

అమెరికా పశ్చిమాన ఒరెగాన్ రాష్ట్రానికి దాదాపు 580 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కొలంబియా నది సముద్రంలో కలిసే చోటు నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా హైవే 101 ఆ తీరం వెంబడే సాగుతుంది. దారిలో తగిలేవి చాలావరకు చిన్న ఊళ్లే. మాంజనీటా జనాభా ఆరేడు వందలు, యాహాట్స్‌ది వెయ్యికి అటూ ఇటూ. పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో, బీవర్టన్‌లలో చిప్పుల తయారీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుకున్న తెలుగు కుటుంబాలకు శనాదివారాల్లో సముద్రమంటే ఇదే.

ఈ తీరంలో ఇసుక మీద నడిచే హక్కు అందరిదీ. అది ఊరికే రాలేదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో తడి ఇసుకే బండ్లబాట. దాన్ని ఆసరా చేసుకుని గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ 1913లో ఆటుపోట్ల మధ్య తీరమంతటినీ ప్రజారహదారిగా ప్రకటించే చట్టం తెచ్చాడు. పైనున్న పొడి ఇసుక సంగతి మాత్రం తేలలేదు. 1966లో కానన్ బీచ్ అనే ఊళ్లో ఒక మోటల్ యజమాని తన ముందున్న ఇసుకకు దుంగలు అడ్డం పెట్టి, బస చేసినవాళ్లకే అని బోర్డు కట్టాడు. జనం మండిపడ్డారు. మరుసటి ఏడు గవర్నర్ టామ్ మెకాల్ హెలికాప్టర్‌లో తీరంలో దిగి, ఏ గీత దాకా ప్రజలదో కొలిపించి చూపించాడు. 1967 జులైలో చట్టం వచ్చింది. పచ్చిక మొదలయ్యే దాకా ఇసుకను ఎవరూ అడ్డగించరాదు. రెండేళ్లకు రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ప్రజల హక్కునే సమర్థించింది. ఈ తీరంలో చూడదగ్గవాటిలో అన్నిటికన్నా గొప్పది, కంటికి కనిపించనిది, ఈ చట్టమే.

విశాఖ, సూర్యలంక తీరాలు ఎరిగినవారికి ఇక్కడ సూర్యుడు నీళ్లలోకి దిగడం కొత్త. అంతకన్నా కొత్త నీటి చలి. నడివేసవిలోనూ పది, పద్నాలుగు డిగ్రీల మధ్యే ఉంటుంది. ఉత్తరం నుంచి వీచే వేసవి గాలి పైనీటిని ఒడ్డుకు దూరంగా తోసేస్తే, ఆ చోటులోకి అడుగునున్న చల్లనీరు పైకి వస్తుంది. ఆ నీటి మీద గాలి చల్లబడి పొగమంచు కడుతుంది. లోపలి ఊళ్లలో ఎండ మండుతున్న రోజున కూడా తీరంలో స్వెటర్ కావాలి. సముద్రస్నానం మీద ఆశ వదులుకోవాల్సిందే. కానీ ఆ చల్లనీరే అడుగునుంచి పోషకాలు మోసుకొస్తుంది. చేపలు, పక్షులు, బూడిద తిమింగలాలు వాటి మీదే బతుకుతాయి. ఊళ్లు చిన్నవిగా మిగలడంలో ఈ చలికీ వాటా ఉందనుకోవచ్చు.

కానన్ బీచ్‌లో 72 మీటర్ల హేస్టాక్ రాక్ మీద వేసవిలో పఫిన్ పక్షులు గూళ్లు పెడతాయి. ఆటు సమయంలో దాని మొదలు దాకా నడిచి, గుంటల్లో నక్షత్రచేపలు చూడవచ్చు. జనం ఎక్కువనుకునేవారికి మాంజనీటా మేలు. నెస్కోవిన్‌లో నీరు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో సుమారు రెండు వేల ఏళ్ల నాటి స్ప్రూస్ మోళ్లు బయటపడతాయి. యాహాట్స్ పక్కన పెర్పెచువా కొండకు ఆ పేరు పెట్టింది 1778లో కెప్టెన్ కుక్. అక్కడ నల్లటి లావా రాళ్ల సందుల్లోకి అలలు చొచ్చుకెళ్లి పైకి ఎగజిమ్ముతాయి. ప్రశాంతతే కావాలంటే ఈ మొత్తంలో యాహాట్స్‌ను మించినది లేదు.

శీతాకాలంలో తుపాన్లు చూడడానికే వచ్చేవారున్నారు. డిసెంబరు చివర తిమింగలాలు దక్షిణానికి, వసంతంలో ఉత్తరానికి సాగుతాయి. శీతాకాలంలోనే ప్రమాదమూ ఎక్కువ. ఒక్కోసారి ఉన్నట్టుండి పెద్ద అల ఒడ్డు పైదాకా వస్తుంది. నీళ్లలో పడిన దుంగ చిన్నదైనా మనిషిని నలిపేస్తుంది. పిల్లల్ని దుంగలెక్కనివ్వకూడదు, సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. ఇక్కడ 1700 జనవరి 26న వచ్చిన మహాభూకంపం పుట్టించిన సునామీ జపాన్‌ను తాకింది. అక్కడి రాతల వల్లే ఆ తేదీ తెలిసింది. అందుకే ప్రతి ఊళ్లోనూ సునామీ దారి చూపే బోర్డులుంటాయి. బసకు దిగగానే ఆ దారి చూసి పెట్టుకోవాలి. నేల గట్టిగా కంపిస్తే సైరన్ కోసం ఆగకుండా కాలినడకనే ఎత్తైన చోటుకు చేరాలి.