గంటల లెక్క

మా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు కూలికి లెక్క దారంతోనే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లాక వచ్చి పట్టుకెళ్తాడు. ఎంత దారం అల్లితే అంత డబ్బు. అమ్మమ్మ కాలం నుంచీ ఇదే పద్ధతి. మా పెద్దమ్మ చేతిలో పువ్వులే తయారయ్యేవి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే అతుకుపని పిన్నిది. ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ అన్నీ ఎగుమతి చేసేవాళ్ల దగ్గరే జరిగేవి. తను అల్లిన పువ్వు చివరికి టేబుల్ క్లాతులో చేరిందో, దుప్పట్లో చేరిందో పెద్దమ్మకు ఏనాడూ తెలియదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. విదేశీ ఆర్డర్లు ఆగిపోయాయి, ఏజెంటు రావడం మానేశాడు. నేనప్పుడు భీమవరంలో డిగ్రీ చదువుతూ ఇంటికి వచ్చేశాను. నాకు ఊహ తెలిశాక మొదటిసారి మా వీధి అరుగుల మీద ఆడవాళ్లు చేతిలో సూది లేకుండా కూర్చున్నారు. నాకది చూడబుద్ధి కాలేదు. పెద్దమ్మ దగ్గర మిగిలిన సొంత దారం కొంత ఉంటే, మామిడాకుల ఆకారంలో గుమ్మం తోరణం ఒకటి అల్లిద్దామన్నాను. ఆకులు పెద్దమ్మ, పైన పట్టీ అమ్మ, అతుకు పిన్ని. ఎగుమతిదారుల షెడ్డులో చేసే పని ఇప్పుడు మా పెరట్లో మేమే చేయాల్సి వచ్చింది. చల్లనీళ్లలో ఉతికి, పల్చటి గంజిలో ముంచి, పరుపు మీద తెల్లటి పంచె పరిచి, ప్రతి ఆకు కొసనూ లాగి గుండుసూది గుచ్చి ఆరబెట్టాం. ఆ లాగడంలోనే ఉంది అందమంతా. అల్లినప్పుడు ముడుచుకున్న ఆకు సూది గుచ్చి ఆరబెట్టేసరికి విప్పారింది.

తెల్ల లేసు తెల్లగోడ మీద ఫొటోలో కనబడదు. అమ్మ ముదురు ఆకుపచ్చ పట్టుచీర తెచ్చి వెనక వేలాడదీసింది. పొద్దున్న ఎండ నేరుగా పడకముందే ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. కొలత తెలియడానికి పక్కన టేపు కూడా ఉంచాను. కొన్నాళ్లకు కూకట్‌పల్లి నుంచి ఒకావిడ ధర ఎంతని అడిగారు.

ఏం చెప్పాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. దారం ఖరీదు 180 రూపాయలు. అది తప్ప మా దగ్గర వేరే లెక్కే లేదు. ఎన్ని గంటలు పట్టిందని అడిగితే పెద్దమ్మ నా వైపు వింతగా చూసింది. "ఖాళీ టైములో అల్లుకునేదానికి గంటలేంటే? అన్నం ఉడికేలోపు రెండు ఆకులు, సీరియల్ చూస్తా నాలుగు ఆకులు. ఎవరు లెక్కెట్టారు?"

రెండో తోరణానికి నేను లెక్క పెట్టించాను. వంటింటి తలుపు వెనక వెంకట్రామా క్యాలెండర్ ఉంది. పాల లెక్క రాసినట్టే, సూది పట్టుకున్నప్పుడు టైమూ, కింద పెట్టినప్పుడు టైమూ గళ్లలో రాయమన్నాను. అమ్మ, పిన్ని సరే అన్నారు. పెద్దమ్మ విసుక్కుంటూనే రాసింది. తోరణం పూర్తయ్యాక ముగ్గురివీ కూడితే 22 గంటలు తేలింది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని తన గళ్లన్నీ మళ్లీ కూడింది. "ఇన్ని గంటలు కూచుంటున్నానా నేను రోజూ?" అని అమ్మను అడిగింది. నలభై ఏళ్లుగా అల్లుతున్న మనిషి ఆ ప్రశ్న అడగడం విని నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధే నన్ను ఈ వ్యాపారంలో నిలబెట్టింది.

గంటకు 60 రూపాయలు వేసుకున్నాం. 22 గంటలకు 1320, దారం 180, పెట్టె, స్పీడ్ పోస్టు కలిపి 150. మొత్తం 1650. కూకట్‌పల్లి ఆవిడ ఏ మాటా లేకుండా పంపించారు. ఆ తర్వాత అడిగినవాళ్లలో చాలామంది మాత్రం, లేసు బజార్లో మీటరు ఇంతకే దొరుకుతుంది కదా అన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు. చుట్టల్లో మీటర్ల లెక్కన అమ్మే ఆ లేసు మిషన్ మీద వస్తుంది, చూడ్డానికి దీనిలాగే ఉంటుంది. మేం అల్లే క్రోషే లేసు అలా కాదు. ఒక్కో కుట్టునూ సూదితో పట్టి, దారం చుట్టి లాగాలి. ఆ పనిని అచ్చంగా చేసే యంత్రం ఇంతవరకు మార్కెట్లోకి రాలేదు. ప్రపంచంలో ఎక్కడ క్రోషే కనబడినా దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉన్నట్టే. ఇది మాటల్లో చెబితే నమ్మరని, పిన్ని అతుకు వేస్తుండగా వీడియో తీసి, ముక్క వెనక వైపు కూడా చూపించి పెట్టేదాన్ని. వీడియో చూసినవాళ్లు బేరం ఆడటం తగ్గింది.

స్కాట్లాండ్ మిషనరీలు 1844లో ఈ పని మా వాళ్లకు నేర్పారంటారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. వ్యాపారం మొదలెట్టాకే నేనది చదివాను. ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులు తీరికగా చేసుకునే పని అని ముద్ర వేయబట్టే వాళ్ల కూలి అంత తక్కువలో ఉండిపోయిందని ఆమె వాదన. చదువుతుంటే పెద్దమ్మ గొంతే వినిపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ ఆ గుర్తింపు అల్లే మనిషి గంట ఖరీదును పెంచకపోతే దాని వల్ల మా అరుగు మీదికి ఏమీ రానట్టే లెక్క.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. వెబ్‌సైట్ల ద్వారా అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు నుంచి జీఎస్టీ నంబరు అక్కర్లేదన్నారు గానీ, ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. మా కొనుగోలుదారుల్లో సగానికి పైగా హైదరాబాదు వాళ్లు. అందుకని నంబరు తీసుకున్నాం. విదేశాలకు పంపడానికి 500 రూపాయలు కట్టి ఎగుమతి కోడ్ కూడా తీసుకున్నాం. అది పెద్దమ్మ పేరు మీదే పెట్టించాను.

అమెరికా నుంచి అడిగేవాళ్లు దాదాపు అందరూ తెలుగువాళ్లే. గృహప్రవేశానికి తోరణాలు, అన్నప్రాసనకు తెల్ల గౌన్లు. అక్కడివాళ్లు ధర గురించి ఒక్కసారీ అడగలేదు. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు 2025 ఆగస్టు ఆఖరులో తీసేశారు. మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది కూడా ఆ రోజుల్లోనే. ఆ సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక తపాలా శాఖ అమెరికా పార్సిళ్లు కొన్నాళ్లు ఆపింది. కట్టి ఉంచిన పెట్టెలు అలమారాలో ఉండిపోయాయి. గోదావరి ఒడ్డు తేమకు తెల్లదారం పసుపు పడుతుందని రెండేసి కవర్లలో చుట్టి, మధ్యమధ్యలో తీసి ఎండకు చూపేవాళ్లం. డాలస్‌లో ఉండే ఒకమ్మాయి విజయవాడలో వాళ్లమ్మగారింటికి పంపమంది. ఆవిడ ప్రయాణమప్పుడు సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్లారు. మరికొందరు అలాగే చేశారు. అలా గడిచింది ఆ కాలం.

ఆ ఏడాది దసరాకు ముందే హైదరాబాదులో ఒక బొటిక్ వాళ్లు ఫోన్ చేశారు. 100 తోరణాలు కావాలి, ఒక్కోటి 700. నేను తటపటాయిస్తుంటే పెద్దమ్మ చెయ్యి చాపి ఫోన్ అందుకుంది.

"ఇది ఇరవై రెండు గంటల పనమ్మా. దారం పోను గంటకి ఇరవై నాలుగు రూపాయలు కూడా పడట్లేదు. ఆ రేటుకి మా పిల్లలు ఎవరూ కూచోరండి."

అవతల ఆవిడ చూసి చెబుతామన్నారు. ఫోన్ పెట్టాక నేను ఏమీ అనకముందే పెద్దమ్మ దారం, సూది తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆకులు తగ్గించి, పట్టీ సన్నం చేసి, దేవుడి గది గుమ్మానికి సరిపోయే తోరణం ఒకటి అల్లింది. క్యాలెండర్ గళ్లు కూడితే 9 గంటలు. గంట కూలి అదే 60. దారం 80, పెట్టె, పోస్టు ఖర్చు 100, మొత్తం 720. ఆకుపచ్చ చీర మీద ఫొటో తీసి బొటిక్ వాళ్లకు పంపాను. ముందు 20 తీసుకున్నారు.